గట్టు మీద పిల్లలు, మేడ మీద తెల్ల పెట్టె

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు రెండు ఫొటోలు పంపి మూడు ప్రశ్నలు అడిగారు. ఫొటోల్లో ఉన్నది ఎదురింటి మేడ మీద కొత్తగా బిగించిన తెల్లటి పెట్టె. ఎత్తు మీటరుకు కాస్త తక్కువ, వెడల్పు అందులో సగం, వీపు నిండా వేడి పోవడానికి లోహపు రెక్కలు. ‘‘ఇది 5జీ యాంటెన్నా అట. దీని ముఖం మా ఇంటి వైపే ఉంది. రోజంతా దీని కిరణాలు మా మీదే పడుతుంటాయా? మాకిది ఈశాన్యం మూలకు వచ్చింది, దోషమేమైనా ఉందా? అసలు పాత పొడుగాటి యాంటెన్నాలకూ దీనికీ తేడా ఏమిటి?’’

రెండో ప్రశ్నను ముందు వదిలించుకుంటాను. ఈశాన్యంలో నిలబడి మీ వైపు చూస్తోందంటే దాని ముఖం నైరుతికి ఉన్నట్టు. కానీ అది మాట్లాడే దిక్కు అర మిల్లీసెకనుకు ఒకసారి మారగలదు. ఒక అర మిల్లీసెకను దక్షిణానికి, మరో అర మిల్లీసెకను పడమటికి, అలా సెకనుకు రెండు వేల మలుపులు. ఇంత చంచలమైన వస్తువుకు శాంతి చేయించాలంటే ముహూర్తం పెట్టగల సిద్ధాంతి ఎవరు? మూడో ప్రశ్న మాత్రం బంగారం. ఎందుకంటే ఆ పెట్టెలో తిరిగే భాగం ఒక్కటీ లేదు. మర లేదు, మోటారు లేదు. మరి దిక్కు ఎలా మారుతోంది?

1జీ, 2జీ, 3జీ అంటూ తరాల వంశవృక్షం చదివించడం నాకు విసుగు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైందనీ, ఎక్కువగా అది దాదాపు 3.5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తోందనీ తెలిస్తే చాలు. ఇక చెరువు దగ్గరికి వెళదాం.

చెరువు మెట్ల మీద ఎనిమిది మంది పిల్లలు వరసగా, సమాన దూరంలో కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేశారనుకోండి. ఒక్క పిల్లవాడే నీటిని లయగా తడుతుంటే అలలు వలయాలుగా చెరువంతా పరుచుకుంటాయి. పాత యాంటెన్నా పని దాదాపు ఇదే. ఒక్కడి కోసం చెప్పాల్సిన మాటను వీధి వీధంతా వినేలా చాటింపు వేస్తుంది. ఇప్పుడు ఎనిమిది మందినీ ఒకేసారి, ఒకే లయలో తట్టమనండి. ఎదురుగా నేరుగా వెళ్లే దారిలో అందరి శిఖరాలూ కలిసి పెద్ద అల లేస్తుంది. పక్కలకు చూస్తే ఒకరి శిఖరం మరొకరి లోయలో పడి నీరు చదునుగా ఉండిపోతుంది. ఇక అసలు చమత్కారం. ఎడమ చివరి పిల్లవాడు ముందు మొదలుపెట్టాలి, పక్కవాడు రవ్వంత ఆలస్యంగా, ఆ పక్కవాడు ఇంకో రవ్వంత ఆలస్యంగా తట్టాలి. పెద్ద అల వాలిపోయి కుడివైపుకు నడుస్తుంది. ఆలస్యం పెంచితే ఇంకా కుడికి, ఆలస్యం క్రమాన్ని తిరగేస్తే ఎడమకు. ఎవరూ కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. మారింది వేళ ఒక్కటే.

ఇంటర్మీడియట్‌లో యంగ్ జంట చీలికల ప్రయోగం అందరం చదివాం. పట్టీ వెడల్పు సూత్రం బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయాం. వ్యతికరణం అనే ఆ బరువైన మాటకు అర్థం ఈ చెరువు మెట్ల మీద దొరుకుతుందని మాకు చెప్పిన మాస్టారు లేరు. ఒక్కసారి పిల్లల్ని చెరువుకు తీసుకెళ్లి ఉంటే సరిపోయేది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1905లోనే జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ మూడు యాంటెన్నాలతో రేడియో తరంగాన్ని కోరిన దిక్కుకు మళ్లించి చూపించాడు. మన దగ్గర దీని విశ్వరూపం చూడాలంటే తిరుపతి దగ్గర గాదంకికి వెళ్లాలి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్‌లో (వాతావరణపు మూడు పొరల ఇంగ్లిషు పేర్ల పొడి అక్షరాలవి) వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1,024 యాగీ యాంటెన్నాలు (పాత టీవీలకు మేడ మీద పెట్టిన కడ్డీల యాంటెన్నాల్లాంటివి), 130 మీటర్ల చదరంలో నాటేసిన మడిలా నిలబడి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, గాలి సుడుల నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనులను విని, ఎంత ఎత్తున గాలి ఎటు వీస్తోందో చెబుతుంది ఆ మడి. అది ఏటవాలుగా చూడాలంటే ఏ యాంటెన్నానూ వంచరు. గట్టు మీద పిల్లల్లాగే, ఒక్కో యాంటెన్నాకు వెళ్లే తరంగం దశను, అంటే దాని శిఖరం లేచే వేళను, కాస్త కాస్త వెనక్కి జరుపుతారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. గాదంకి తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. మీ ఎదురింటి పెట్టెది 8.6 సెంటీమీటర్లు. అంటే 66 రెట్లు చిన్నది. 130 మీటర్ల పొలాన్ని 66 రెట్లు కుదిస్తే రెండు మీటర్ల పలక అవుతుంది. అందులో ఒక ముక్కను కోసి తెల్ల ప్లాస్టిక్ మూత వేస్తే అదే నెల్లూరు మేడ మీది పెట్టె! మూత కింద సాధారణంగా 8 నిలువు వరసలు, ఒక్కో వరసలో 12 జతలు, మొత్తం 192 చిన్న లోహపు యాంటెన్నాలు ఉంటాయి. మూడేసి చొప్పున ఒక్కో రేడియోకు, అంటే తరంగాన్ని పంపి, అందుకునే ఒక్కో సర్క్యూట్‌కు, కలిపితే 64 రేడియోలు. పక్కపక్క వరసల మధ్య దూరం దాదాపు సగం తరంగదైర్ఘ్యం, 4.3 సెంటీమీటర్లు. అల 30 డిగ్రీలు పక్కకు వాలాలంటే ఒక వరసకూ తర్వాతి వరసకూ మధ్య ఉండాల్సిన ఆలస్యం 71 పికోసెకన్లు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి అందులో 71 ముక్కలు లెక్కపెట్టాలి. మన పిల్లలకు ఉండాల్సిన తాళజ్ఞానం అంత!

సరే, ఎటు వాల్చాలో పెట్టెకు ఎవరు చెబుతారు? మీ ఫోను ఎక్కడుందో దానికి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముద్దొచ్చే భాగం ఇదే.

చెరువు మధ్యలో ఒక పుట్టి ఉంది. అందులోని మనిషి తెడ్డుతో ఒక్కసారి నీటిని కొట్టాడు. ఆ అల గట్టుకు వచ్చి ఒక్కో పిల్లవాడి కాలికి ఒక్కో వేళకు తగిలింది. ఎవరికి ముందు తగిలిందో, ఎవరికి చివర తగిలిందో గుర్తుపెట్టుకుని, ఆ క్రమాన్ని తిరగేసి తట్టమనండి. చివర తగిలినవాడు ముందు, ముందు తగిలినవాడు చివర. అప్పుడు ఎనిమిది అలలూ ఒకే క్షణంలో పుట్టి దగ్గర కలుసుకుంటాయి. పుట్టి ఎక్కడుందని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మీ ఫోను కూడా అప్పుడప్పుడూ తెడ్డు వేస్తుంది. ముందే ఒప్పుకున్న ఒక చిన్న సంకేతాన్ని పైకి పంపుతుంది. 64 రేడియోలు దాన్ని విని, తిరగేసి వాడుకుంటాయి. ఫోను మాట్లాడేదీ పెట్టె మాట్లాడేదీ ఒకే ఫ్రీక్వెన్సీలో, వంతులవారీగా కాబట్టి పోయే దారీ వచ్చే దారీ ఒకటే అవుతుంది.

చెరువు మధ్యలో ఒక బండరాయి, పక్కన ఒక గోడ ఉంటే? ఇంకా మేలు. తెడ్డు అల నేరుగా వస్తుంది, రాయికి తగిలి వస్తుంది, గోడకు తగిలి వస్తుంది. పిల్లలు అన్నిటినీ తిరగేస్తే అన్ని దారుల్లోనూ అలలు వెనక్కి నడిచి పుట్టి దగ్గరే చేరతాయి. సందులు, షట్టర్లు, నీళ్ల ట్యాంకులు ఉన్న మన బజారు వీధుల్లో జరిగేది ఇదే. అందుకే ‘కిరణం’ అనే మాట నాకు నచ్చదు. పెట్టె నుంచి ఫోను దాకా టార్చిలైటు వెలుగులాంటిదేమీ ఉండకపోవచ్చు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తరంగాలు మీ అరచేతి దగ్గర శిఖరం కడతాయి, కొన్ని సెంటీమీటర్లు పక్కకు జరిగితే అది చెదిరిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సులో మీ ఫోను 4.3 సెంటీమీటర్లు జరగడానికి పట్టేది 2.6 మిల్లీసెకన్లు. ఆలోగా పాత లెక్క పాచిపోతుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు వచ్చే వేగం బస్సులో రాదంటే ఇదీ ఒక కారణం.

రెండు పుట్టులుంటే? ఒక్కో పిల్లవాడు రెండు లయలను కలిపి ఒకే కాలితో తడతాడు. నీటిలో అలలు ఒకదాని గుండా ఒకటి దాటిపోతాయి కాబట్టి ఎవరి శిఖరం వాళ్ల దగ్గర లేస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే క్షణం, వేర్వేరు మనుషులు, వేర్వేరు మాటలు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన థామస్ మార్జెట్టా 2010లో ఒక పరిశోధన పత్రం రాసి, యాంటెన్నాల సంఖ్య పెంచుతూ పోతే రొదా, సంకేతం ఎగుడుదిగుళ్లూ వాటంతట అవే సద్దుమణుగుతాయని గణితంతో చూపించాడు. అప్పట్లో అది కాగితం మీది సరదాలా కనిపించింది. ఇప్పుడు మేడల మీద ఉంది.

ఇక్కడ కాస్త బరువైన పేరా ఒకటి తప్పదు. 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 5జీ మార్గాన్ని 3,276 సన్నటి పాయలుగా చీలుస్తారు. తిరగేసే లెక్క ఒక్కో పాయకు ఒక్కో రకంగా మారుతుంది, ఒక్కో లెక్కలో 64 సంఖ్యలుంటాయి. ఈ లెక్కలన్నీ వేరే చోట ఉన్న కంప్యూటర్లో వేసి, ఒక్కో రేడియోకు తరంగం నమూనాలను యథాతథంగా పంపుదామంటే ఫైబర్ తీగ మీద సెకనుకు 236 గిగాబిట్లు పారాలి. ఒక్క పెట్టెకే! అందుకే పనిని మూడు చోట్లకు పంచారు. తిరగేసి తట్టే పని పెట్టెలోనే జరుగుతుంది. ఏ క్షణాన ఎవరికి వంతు అనేది దగ్గరలోని రెండో యంత్రం తేలుస్తుంది. అది పెట్టెకు సుమారు 20 కిలోమీటర్లలోపే ఉండాలి, ఎందుకంటే ఫైబర్‌లో వెలుగుకు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది, అంతకు మించి ఆలస్యమైతే వంతులు తప్పుతాయి. తొందరలేని పనులు ఇంకా దూరంలోని మూడో యంత్రానికి. ఆ వెనక ఉండే ‘కోర్’, అంటే నెట్‌వర్కు మొత్తాన్నీ నడిపే కేంద్రం, ఇప్పుడు పూర్తిగా సాఫ్ట్‌వేరు, మామూలు సర్వర్ల మీద నడుస్తుంది. ఒకే నెట్‌వర్కును అంబులెన్సుకు ఒక వాటా, ఫ్యాక్టరీకి ఒక వాటా అని విడదీసే ‘స్లైసింగ్’ గురించి ప్రకటనల్లో కావలసినంత ఉంది, నేను దాటేస్తున్నాను.

మొదటి ప్రశ్నకు వస్తాను. కిరణాలు రోజంతా మీ మీదే పడవు. ఎవరి ఫోను అడిగితే వారి వైపు శక్తి పోతుంది. పూర్తి మౌనం ఉండదు, ‘నేనిక్కడ ఉన్నాను’ అని సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి చిన్న చాటింపు వేస్తుంది. తరంగం శక్తిని మోసే అతి చిన్న పొట్లాన్ని ఫోటాను అంటారు. 3.5 గిగాహెర్ట్జ్ ఫోటాను కన్నా చెట్టు ఆకు మీది పచ్చటి వెలుగు ఫోటానుకు లక్షన్నర రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది. అణువుల బంధాలను తెంచే సత్తా ఈ తరంగాలకు లేదు, అవి చేయగలిగింది వేడెక్కించడం. దానికి పరిమితి ఉంది, 2012లో మన ప్రభుత్వం దాన్ని అంతర్జాతీయ సూచనలో పదో వంతుగా నిర్ణయించింది. 2020లో బ్రిటన్‌లో 5జీ వల్లే కరోనా వస్తోందని నమ్మి టవర్లకు నిప్పు పెట్టారు. చదువుకున్న దేశమే అది. టవర్ల వల్లే పిచ్చుకలు మాయమయ్యాయనే మన కథనూ నేను అదే కోవలో వేస్తాను. పెంకుటిళ్ల చూరులు పోయాక అవి గూడు ఎక్కడ కట్టుకుంటాయో ముందు అడగాలి.

ఇక రాబోయేది. 2023 మార్చిలో మన ప్రభుత్వం భారత్ 6జీ దార్శనిక పత్రం విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 6జీ ఏమేం చేయాలో చట్రం గీసింది. అందులో నన్ను కట్టిపడేసింది ఒకటే. నెట్‌వర్కు మాట్లాడటంతో పాటు ‘చూడాలి’. అంటే మేడ మీది పెట్టె మళ్లీ గాదంకి అవుతుంది. పరిశీలనలో ఉన్న 7 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగదైర్ఘ్యం సగమవుతుంది కాబట్టి అదే పలకలో నాలుగు రెట్ల యాంటెన్నాలు పడతాయి, చూపు పదునెక్కుతుంది. రోడ్డు మీది ఆటోను, ఎగిరే డ్రోనును వాటి ప్రతిధ్వనితోనే పసిగట్టవచ్చు.

చిక్కు ఒకటుంది. గాదంకి రాడార్ ఒక కేక వేసి, నోరు మూసుకుని వింటుంది. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని రావడానికి 67 మైక్రోసెకన్లు పడుతుంది, తీరుబడి ఉంది. ఎదురుగా 150 మీటర్ల దూరంలోని ఆటో ప్రతిధ్వని ఒక్క మైక్రోసెకనులో వచ్చేస్తుంది. అప్పటికి పెట్టె ఇంకా ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది. తన గొంతు హోరులో ఆ సన్నటి ప్రతిధ్వని వినపడదు. ఒక ఉపాయం ఏమిటంటే, ఈ పెట్టె మాట్లాడుతుంటే పక్క వీధి పెట్టె వినాలి. కానీ అప్పుడు రెండింటి గడియారాలూ కలవాలి. టవరు మీద పుట్టగొడుగులాంటి చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తే, అది ఉపగ్రహాల నుంచి వేళ అందుకునే యాంటెన్నా. దాని సాయంతో 5జీ టవర్లు ఉమ్మడి గడియారానికి 1.5 మైక్రోసెకన్లు అటూ ఇటూగా నడుస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురాకుండా ఉండటానికి అది చాలు. ఆటోను వెతకడానికి చాలదు. 1.5 మైక్రోసెకన్లలో రేడియో తరంగం 450 మీటర్లు వెళ్లిపోతుంది. మూడు మీటర్ల తేడాతో పట్టుకోవాలంటే గడియారాలు 10 నానోసెకన్లలోపు, అంటే ఇప్పటి కన్నా 150 రెట్లు దగ్గరగా కలవాలి. మన గట్టు మీద పిల్లలకు తాళం కుదిరింది. ఇప్పుడు పక్క ఊరి చెరువు గట్టు మీది పిల్లలతో కుదరాలి.