పుచ్చు వంకాయంటే మందు కొట్టనిదేనా?

"బాబాయ్, పుచ్చులున్నవే ఏరుకుంటాను. పురుగు తిన్నదంటే మందు కొట్టలేదనేగా?" మొన్న ఆదివారం విశాఖ ఎమ్వీపీ కాలనీ రైతు బజారులో చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చిన అమ్మాయి అడిగింది. బిడ్డకి అప్పుడే అన్నం మొదలుపెట్టారట. ఆ తల్లి భయం భయమే, కాదనను. కానీ ఈ మాట వాట్సాప్‌లో పుట్టించిన మహానుభావుణ్ణి ఒక్కరోజు నా వంగతోటలో నిలబెట్టాలి.

వంకాయలో ఉండేది కాయతొలుచు పురుగు. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే కాయలోకి దూరిపోతుంది. దూరిన చోటు సూదిమొనంత, అదీ పూడుకుపోతుంది. ఇక పైన ఎంత కొట్టినా లోపలున్నదానికి మందు తగలదు. మీకు కనిపించే పెద్ద కన్నం, అది కడుపునిండా తిని బయటికి పోయిన దారి. ఆ కాయ మీద నాలుగుసార్లు మందు పడి ఉండొచ్చు, ఒక్కసారీ పడకపోవచ్చు. కన్నం చూసి ఎవరూ చెప్పలేరు.

ఆనందపురం దగ్గర నేను మొదటిసారి వంగ వేసిన ఏడు, భయంతో వారం వారం కొట్టాను. అయినా సగం కాయలు పుచ్చులే. ఒక పెద్దాయన వాటినే ఏరి, "మందుల్లేని సరుకు" అని మురిసిపోతూ రెండు కిలోలు పట్టుకెళ్లారు. నేను నోరెత్తలేదు. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత పురుగు దూరి వాడిపోయిన కొమ్మల చివళ్లు తుంచి కాల్చేసి, మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టాక మందు బాగా తగ్గింది, కాయ నిగనిగలాడింది. ఇప్పుడేమో "ఇంత నున్నగా ఉన్నాయేంటి, అంతా మందులేగా" అంటున్నారు!

పుచ్చులు కొంటే కోసి పారేసేదే ఎక్కువ. దానికి "నాటు సరుకు" అన్న పేరు తగిలిస్తే ఇంకా ఎక్కువ పెట్టి కొనేవాళ్లున్నారు. కన్నాలు వెతకడం మాని, మందు కొట్టిన ఎన్నాళ్లకి కోశారని అడగండి. కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బా మీదో, దాంతో వచ్చే కాగితంలోనో ఉంటుంది. తోట ఉన్నవాడు తడుముకోడు. ఇంటికెళ్లి కుళాయి ధార కింద రుద్ది కడగండి. ఉప్పునీళ్లలో నానబెడితే మొత్తం పోతుందన్నదీ ఉత్తమాటే, కొన్ని మందులు కాయలోకే ఇంకుతాయి.

రైతు బజారు గురించి మిగతావి గబగబా చెప్పేస్తాను. ఉల్లి, బంగాళాదుంప అమ్మేవాళ్లని చూసి "వీళ్లు రైతులా?" అని గొడవపడకండి. ఉల్లి కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాలి, మన దగ్గర పండనివాటికి విడిగా అనుమతి ఇస్తారు. బజారులో బోర్డు మీద రాసిన ధరకి మించి అడిగితే, బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్‌కి చెప్పండి. రాత్రి పోతే చవకంటారు, వాడిన తోటకూర చవకైతే ఏం లాభం? కాటా మీద సున్నా చూశాకే సరుకు వేయించుకోండి.

ఆ అమ్మాయి వంకాయలు వద్దనుకుని ఆనపకాయ మీద గోరు పెట్టబోయింది. "గిల్లకు తల్లీ, గిల్లింది రేపటికి నల్లబడుతుంది, ఇంకెవరూ తీసుకోరు" అని, పైన సన్నటి నూగున్న లేతకాయ ఒకటి నేనే తీసిచ్చాను.