‘నాకు ఆడటం రాదండీ’: గేమింగ్ ఛారిటీ మారథాన్లపై అపోహలు - వాస్తవాలు

గంటలూ రోజుల తరబడి గేములు ఆడుతూ, దాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూ (స్ట్రీమ్ చేస్తూ) ఛారిటీకి విరాళాలు పోగుచేయడమే గేమింగ్ ఛారిటీ మారథాన్. మా మారథాన్ తేదీ ప్రకటించగానే నాకొచ్చే మెసేజుల్లో సగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. "సాయం చేయాలనుందండీ, కానీ నాకు గేమ్స్ అంతగా రావు." కొందరైతే ముందే సారీ చెప్పేస్తారు. ఎనిమిదేళ్లుగా వాలంటీర్లకు షిఫ్టులు వేసే పని నాది. మెసేజ్ పెట్టినవాళ్లకు నేను బదులిస్తాను, ధైర్యం చెబుతాను. ఆ మెసేజ్ కూడా పెట్టకుండానే వెనక్కి తగ్గినవాళ్లు ఎంతమందో అన్నదే నన్ను తొలిచేస్తుంటుంది. ఇది వాళ్లకోసం.

అపోహ: బాగా ఆడేవాళ్లకే ఇక్కడ పని.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, మాకు దీనివల్ల జరిగినంత నష్టం ఇంక దేనివల్లా జరగలేదు. డెసర్ట్ బస్ సంగతే తీసుకోండి. పెన్ అండ్ టెల్లర్ అనే ఇంద్రజాలికుల జంట పేరుతో 1995 నాటికి తయారై, విడుదల కాకుండానే మూలనపడిన ఒక గేమ్‌లోని భాగమది. అమెరికాలోని టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కు ఖాళీ బస్సు తోలాలి. వేగం గంటకు 45 మైళ్లు దాటదు. అంటే 8 గంటల ప్రయాణం, నిజంగానే 8 గంటలు. పాజ్ ఉండదు. బస్సు మెల్లగా కుడివైపుకు లాగుతూ ఉంటుంది కాబట్టి బటన్ మీద ఏదో బరువు పెట్టేసి లేచి వెళ్లడానికీ వీల్లేదు. ఊరు చేరితే 1 పాయింటు. రోడ్డు దిగితే లారీ వచ్చి మళ్లీ టూసాన్‌కే లాక్కెళ్తుంది, అంతే సమయం తీసుకుని.

2007లో కెనడాలోని లోడింగ్‌రెడీరన్ అనే కామెడీ బృందం ఏరికోరి ఈ ఆటనే పట్టుకుంది, పిల్లల ఆసుపత్రులకు గేములు అందించే చైల్డ్స్ ప్లే కోసం. తొలి ఏడాదే 20 వేల డాలర్లు దాటాయి. అక్కడ లెక్క ఎలా ఉంటుందంటే, మొదటి గంట నడవడానికి 1 డాలర్ చాలు, ఆపైన ప్రతి గంటకూ ధర 7 శాతం పెరుగుతుంది. మొదటి రోజంతా కలిపి 60 డాలర్లు కూడా కావు. 100 గంటలు నడవాలంటే మాత్రం సుమారు 12,400 డాలర్లు రావాలి. 150 గంటలకు సుమారు 3,65,000. ఆ 150 గంటలూ దాటించిన ఏడాదులున్నాయి. ఎవరి ఆట నైపుణ్యం తెచ్చిందండీ ఆ డబ్బు? పసిపిల్లాడైనా తోలగల బస్సు అది. ప్రేక్షకులు తమ చేతులతో కుట్టి, చెక్కి పంపిన వస్తువుల వేలం తెచ్చింది. అర్ధరాత్రి చాట్‌లో కబుర్లు చెబుతూ మేలుకున్నవాళ్లు తెచ్చారు. తెరవెనక ఒక్కొక్క విరాళాన్నీ నమోదు చేసినవాళ్లు తెచ్చారు.

స్పీడ్‌రన్ (ఆటను వీలైనంత తక్కువ సమయంలో ముగించడం) మారథాన్ల సంగతి వేరు కదా అంటారు. రన్నర్‌గా, అంటే ఆడే మనిషిగా, తెర మీద కూర్చోవాలంటే అక్కడ ఆట రావాలి, నిజమే. ఆ ఒక్క కుర్చీకే ఆ షరతు. గేమ్స్ డన్ క్విక్ అనే స్పీడ్‌రన్ మారథాన్ 2010 జనవరిలో మొదలైంది. అనుకున్న చోట ఇంటర్నెట్ సరిగా లేక, నిర్వాహకుడి అమ్మగారి ఇంటి బేస్‌మెంట్‌లో జరిపారు. పేదరికంపై పోరాడే కేర్ సంస్థకు 10 వేల డాలర్లకు పైగా వచ్చాయి. 2019 వేసవి మారథాన్ నాటికి అది 30 లక్షల డాలర్లు దాటింది, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కోసం. అప్పటివాళ్లకీ ఆట వచ్చు, ఇప్పటివాళ్లకీ ఆట వచ్చు. మధ్యలో పెరిగింది చుట్టూ ఉన్న చేతులు.

మా మారథాన్‌లో ఏ షిఫ్టు చూసినా కంట్రోలర్ ఒకరి చేతిలో ఉంటే, ఆ ఒక్కరి వెనక తొమ్మిదిమంది ఉంటారు. విరాళాలతో వచ్చే మెసేజుల్లో బూతులూ ఫోన్ నంబర్లూ ఏరిపారేసేవాళ్లు. మిగిలినవాటిని మైకులో చదివేవాళ్లు. చదవడమంటే గొంతు ఒక్కటే చాలదు. రన్నర్ ఊపిరి బిగబట్టి కష్టమైన చోటు దాటుతున్నప్పుడు నోరు మూసుకోవడం తెలియాలి, అది దాటిన మరుక్షణం అందుకోవడం తెలియాలి. బిడ్ వార్ (ఆటలో ఏం చేయాలో తేల్చడానికి ప్రేక్షకులు పోటీపడి విరాళాలివ్వడం) లెక్కలు చూసేవాళ్లు, టైమర్ పట్టుకునేవాళ్లు, చాట్‌ను అదుపులో ఉంచే మోడరేటర్లు, తర్వాతి కన్సోల్ సిద్ధం చేసి కేబుల్ పోతే పరిగెత్తేవాళ్లు. ఆరు గంటలుగా లేవని మనిషి పక్కన నీళ్ల సీసా పెట్టే మనిషి కూడా. ఆ పనిని నేను చిన్నదని ఎన్నడూ అనుకోలేదు.

మూడేళ్ల కిందట ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి. దరఖాస్తులో ‘మీరు ఆడే గేములు’ అన్న చోట ‘ఏవీ లేవు, క్షమించండి’ అని రాశారు. ఏళ్లతరబడి కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసిన అనుభవం ఉందని చివర ఒక చిన్న లైను. మెసేజులు వడపోసే పనికి, తెల్లవారుజాము షిఫ్టుకు వేశాను. రెండో రాత్రి మూడు దాటాక ఐదు డాలర్ల విరాళంతో ఒక మెసేజ్ వచ్చింది. పైకి మామూలు మాటలే, మీ స్ట్రీమ్‌కు థాంక్స్, ఇన్నాళ్లూ తోడున్నారు, ఇక సెలవు అని. వేరే ఎవరైనా అయితే ‘ఓకే’ నొక్కి చదవడానికి పంపేసేవారు. ఆవిడ ఆపారు. "ఈ ‘సెలవు’ నాకు నచ్చలేదండీ" అంటూ నన్ను పిలిచారు. చాట్‌లో ఆ పేరుతోనే ఉన్న మనిషిని వెతికి, మోడరేటర్ ఒకరు విడిగా పలకరించారు. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. సాయం దొరికే హెల్ప్‌లైన్‌కు కలిపేదాకా వదల్లేదు. ఆ మనిషి మరుసటి ఏడాది చాట్‌లో కనబడి మళ్లీ పలకరించారు.

ఆఖరి రోజు సామాను సర్దుతుంటే ఆవిణ్ణి అడిగాను, ఆటలే ఆడని మీరు ఇటెందుకొచ్చారని. వాళ్లమ్మాయి 41 రోజులు ఆసుపత్రిలో ఉందట. వార్డుకు గేమ్ కన్సోల్ ఉన్న తోపుడు బల్ల వచ్చేదట, దాంతోపాటు ఒక కుర్రాడు. "వచ్చిన ప్రతివాళ్లూ ‘ఎలా ఉంది తల్లీ’ అనే అడిగేవారండీ. ఆ అబ్బాయి ఒక్కడే ‘ఎన్నో లెవెల్లో ఉన్నావ్’ అని అడిగేవాడు. ఆ బల్లకు డబ్బులు ఎవరిచ్చారో అప్పట్లో అడగలేదు. ఇప్పుడు తెలిసింది, వచ్చాను."

వాలంటీర్లు ఎందుకొస్తారని నన్నడిగితే ఇలాంటి జవాబులే చెప్పగలను. ఆడటం ఇష్టమై వచ్చేవాళ్లూ ఉన్నారు, తప్పేం లేదు. కానీ ఏళ్లతరబడి నిలబడిపోయేవాళ్లలో ఎక్కువమందికి ఇలా ఒక మంచమో, ఒక వార్డో, ఒక పేరో ఉంటుంది. పిల్లల ఆసుపత్రుల కోసం గేమర్లు విరాళాలు సేకరించే ఎక్స్‌ట్రా లైఫ్ మొదలైందే అలా. లుకేమియాతో పోరాడుతున్న ఒక అమ్మాయికి గేమర్లు ఆటలు పంపేవారు. 2008లో ఆ పాప పోయాక, ఆమె జ్ఞాపకంగా 24 గంటల మారథాన్ పెట్టుకున్నారు.

అపోహ: 24 గంటలూ రెప్ప వేయకుండా కూర్చుంటేనే లెక్క.

వద్దు. ఈ ఒక్క విషయంలో నేను కోప్పడతాను కూడా. 2017లో అమెరికాలో ఒకాయన ఛారిటీ కోసం 24 గంటల స్ట్రీమ్ చేస్తూ, ఇంకో రెండు గంటల్లో ముగుస్తుందనగా ప్రాణాలు కోల్పోయారు. ముగ్గురు చిన్నపిల్లల తండ్రి. కారణాలు తవ్వడం నా పని కాదు, నిద్ర మానుకోమని ఏ పిల్లల ఆసుపత్రీ అడగలేదని మాత్రం చెబుతాను. ఎక్స్‌ట్రా లైఫ్‌లోనే ఆ 24 గంటలను ఎన్ని రోజులకైనా పంచుకోవచ్చు. డెసర్ట్ బస్‌లో ఆరేసి గంటల షిఫ్టులు. మా దగ్గర షిఫ్టు దాటాక కుర్చీ వదలనివాళ్లను నేనే లేపి పంపిస్తాను.

అపోహ: ముందు నా ఖాతాలో వేయించుకుని, తర్వాత సంస్థకు పంపిస్తే సరిపోతుంది.

సరిపోదు. మీరెంత నిజాయితీపరులైనా సరే. విరాళం నేరుగా సంస్థ పేజీకే వెళ్లాలి. ఇచ్చినవాళ్లకు రసీదు అక్కణ్ణుంచే అందాలి. ఎవరో ఆకతాయి పెద్ద మొత్తం వేసి, నెల తర్వాత ఛార్జ్‌బ్యాక్ పెడితే, అంటే బ్యాంకు ద్వారా ఆ డబ్బు వెనక్కి లాక్కుంటే, అప్పటికే డబ్బు పంపేసిన మీ జేబుకే చిల్లు, పైన ఫీజు కూడా. మా తొలి ఏడాది ఒక కుర్రాడికి ఇదే జరిగింది. మూడు నెలల జీతం పోయింది పాపం.

అపోహ: వందమంది కూడా చూడని నా స్ట్రీమ్ ఎందుకు?

2021లో ఫ్రాన్స్‌లో జెడ్‌ఈవెంట్ అనే ఛారిటీ మారథాన్‌లో స్ట్రీమర్లు ఆకలిపై పోరాడే సంస్థకు కోటి యూరోలు దాటించారు. అది చూసి చాలామంది డీలా పడిపోతారు. మా లెక్కల్లో ఏటా ఎక్కువ విరాళాలు వచ్చేది పదీ ఇరవై మంది చూసే స్ట్రీములన్నీ కలిపితేనే. చూసేవాళ్లకు మీ పేరు తెలుసు కాబట్టి ఇస్తారు.

ఈ ఏడాది దరఖాస్తులోంచి ‘మీరు ఆడే గేములు’ అన్న ప్రశ్న తీసేశాం. దాని స్థానంలో రెండు పెట్టాం: ఏ వేళల్లో మెలకువగా ఉండగలరు, ఇన్నాళ్లూ ఏ పని చేశారు. మొదట నింపింది ఆవిడే. తెల్లవారుజాము షిఫ్టు అడిగారు, ఇచ్చాను.