ఇంకుడు గుంతకు క్రెడిట్లొస్తాయా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇళ్ల ప్లాన్లు గీసి, ఇంకుడు గుంతలు తవ్వించడం నా పని. వానలు మొదలైతే చాలు, వాట్సాప్‌లో ఏదో చూసి ఒకటే ప్రశ్న: "సార్, గుంతకు క్రెడిట్లు ఇస్తారంట, ఎంతకు అమ్ముకోవచ్చు?" క్రెడిట్లంటే నీళ్లు ఆపినందుకు ఇచ్చే, అమ్ముకోగల పాయింట్లు.

అపోహ: గుంత తవ్వితే డబ్బులొస్తాయి.

వాస్తవం: కొనేవాడుంటేనే అమ్మకం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఈ క్రెడిట్ల మార్కెట్ ఉంది. 2013 నిబంధనల ప్రకారం అక్కడ పెద్ద కట్టడాలు కట్టేవాళ్లు తమ స్థలంలో పడే 1.2 అంగుళాల వానను ఆపాలి. మామూలుగా అందులో సగమైనా అక్కడే ఆపాలి, మిగతా సగానికి వేరేచోట నీళ్లు ఆపినవాళ్ల దగ్గర క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఒక క్రెడిట్ అంటే ఒక గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) నీళ్లు ఆపే సామర్థ్యం, ఏడాదికి. అదీ తనిఖీలో పాసైతేనే, మెయింటెనెన్స్ చేస్తుంటేనే. నిబంధన తీసేస్తే కొనే నాథుడుండడు. మన ఊళ్లో అలాంటి మార్కెట్టే లేదు. పర్యావరణానికి మేలు చేసే పనులకు క్రెడిట్లిచ్చేలా కేంద్రం 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ నిబంధనల్లో నీటి సంరక్షణ మాట ఉంది, నిజమే. కానీ 2024 ఫిబ్రవరిలో వచ్చిన లెక్కింపు పద్ధతి క్షీణించిన అటవీ భూముల్లో మొక్కలు నాటడానికి. మీ పెరటి గుంతకు కాదు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇంతవరకు చదవరు!

వేదాయపాలెంలో ఒక రిటైర్డ్ మాస్టారు క్రెడిట్లకు "రిజిస్ట్రేషన్" అంటే నమ్మి ఎవరికో డబ్బు కట్టేశారు. "పింఛను డబ్బు అబ్బయ్యా" అన్నారు. ఆయన్ని ఏమనగలం? గుంత మూత తీస్తే పైపు మూతికి పాల కవర్లు, వేపాకులు, కంకర మీద జానెడు బురద. డాబా నీళ్లన్నీ రోడ్డు మీదికే. ఆయన డాబా 100 చదరపు మీటర్లు, 30 మిల్లీమీటర్ల వాన పడితే 3,000 లీటర్లు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంతలో కంకర పోశాక సందుల్లో పట్టేది సుమారు 600 లీటర్లే. మిగతాది నేల ఎంత వేగంగా తాగితే అంత. శుభ్రం చేయించి, ముందు చిన్న బురద తొట్టి కట్టి జాలీ పెట్టాం.

అపోహ: వాన నీటి ఫీజంటే (స్థలంలోంచి బయటికి పోయే వాన నీళ్లకు కొన్ని నగరాలు వేసే రుసుము) ఇంకో బాదుడు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2010 నుంచి వ్యాపార స్థలాలకు నీళ్లు ఇంకని మేర కొలిచి బిల్లు వేస్తున్నారు. నీళ్లు ఆపే ఏర్పాటు చేస్తే తగ్గిస్తారు.

అపోహ: పాత బోరులోకి పైపు వదిలితే సరి. వడగట్టకుండా వదిలితే పక్కింటి నీళ్లూ పాడు. వద్దు.

అపోహ: గుంతలుంటే వరద రాదు. 2021 నవంబరు పెన్న వరద ఎగువ నుంచి దిగింది. దానికి గుంతలేం చేస్తాయి? గుంతల పని మన వీధి నీళ్ల వరకే.

తవ్వించే ముందు అడుగు లోతు గుంతలో నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ తవ్వించొద్దు, చోటు మార్చండి.