ఈ కుర్రాడు నిలబడతాడా? షార్ట్‌స్టాప్‌ల జోస్యం వెనుక అరవై ఏళ్ల కథ

2004 జూన్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరుసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొట్టమొదటి ఎంపిక శాన్ డియాగో పాడ్రెస్ జట్టుకు దక్కింది. వాళ్లు సొంత ఊరి కుర్రాణ్ణే తీసుకున్నారు. మాట్ బుష్, హైస్కూల్ జట్టులో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆడేవాడు. విసురులో గొప్ప బలం ఉన్నవాడు. సంతకం చేసినందుకే 31 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చారు. అదే డ్రాఫ్ట్‌లో 64 మంది పేర్లు పిలిచాక, 65వ ఎంపికగా బోస్టన్ రెడ్ సాక్స్ ఇంకో షార్ట్‌స్టాప్‌ను తీసుకుంది. అతను డస్టిన్ పెడ్రోయా. ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలని కాగితం మీద ఉండేది. నిజానికి అంత కూడా లేడు.

నాలుగేళ్లు తిరిగేసరికి పెడ్రోయా, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. బుష్ మాత్రం కింది మెట్టు పోటీలైన మైనర్ లీగుల్లోనే బ్యాటింగ్ కుదరక పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా మారాడు. ఆ తర్వాత తాగి బండి నడిపి ఒకరిని తీవ్రంగా గాయపరిచిన కేసులో జైలుకు వెళ్లాడు. చివరికి 2016లో, ముప్పై ఏళ్ల వయసులో, టెక్సస్ రేంజర్స్ పిచర్‌గా మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టాడు.

ఇద్దర్నీ చూసింది అనుభవమున్న కళ్లే. అయినా అంచనా అంతగా ఎలా తప్పింది? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ స్థానం గురించి రెండు మాటలు. పిచర్, క్యాచర్ కాక ఇన్‌ఫీల్డ్‌లో, అంటే లోపలి మైదానంలో నలుగురుంటారు. బ్యాటర్ పరుగెత్తి తాకాల్సిన మూడు బేసుల దగ్గర ముగ్గురు, సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య షార్ట్‌స్టాప్. బ్యాట్‌కి బంతి తగిలాక బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరడానికి పట్టేది నాలుగు సెకన్లకు కాస్త అటూ ఇటూ. ఆలోపు నేల మీద దూసుకొచ్చే బంతిని అందుకోవాలి, కాళ్లు సర్దుకోవాలి, మైదానం అడ్డంగా విసరాలి. అందుకే ఏ స్కూల్లోనైనా అందరికన్నా చురుకైన పిల్లవాణ్ణి అక్కడ నిలబెడతారు. పై మెట్టుకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఎక్కడికక్కడ మొనగాడైన కుర్రాళ్లు వేలల్లో వస్తారు. మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లు. మిగిలినవాళ్లు సెకండ్ బేస్‌కో థర్డ్ బేస్‌కో జరగాలి, లేదా ఆట వదిలేయాలి. అలా జరిగినవాడు కొత్త చోట నిలవాలంటే బ్యాటింగే ఆధారం. ఇన్‌ఫీల్డర్ల జోస్యం తప్పడానికి అసలు కారణం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. గ్లౌజు పనితనం చూసి కుర్రాణ్ణి ఇష్టపడతారు. అతని భవిష్యత్తును తేల్చేది మాత్రం బ్యాట్.

కుర్రాళ్లను ముందే పట్టి పెంచడమనే పద్ధతిని 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ గట్టిగా నాటాడు. చిన్న జట్లను కొని, వాటిలో పిల్లల్ని పండించి, పక్వానికి వచ్చినవాళ్లను పైకి తెచ్చేవాడు. తర్వాత జట్ల మధ్య వేలంపాట పెరిగింది. 1964లో రిక్ రైకార్ట్ అనే కాలేజీ కుర్రాడికి ఏంజెల్స్ జట్టు 2 లక్షల 5 వేల డాలర్లు ఇవ్వడంతో మిగతా యజమానులు బెంబేలెత్తారు. మరుసటి ఏడాది, 1965లో, డ్రాఫ్ట్ మొదలైంది. వరుస ప్రకారం ఒక్కో జట్టు ఒక్కో కుర్రాణ్ణి ఎంచుకోవాలి. ఎంపికకు వరుస వచ్చేసరికి కుర్రాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్ మాట విలువ ఎన్నో రెట్లు పెరిగింది. స్కౌట్లు వేసేది 20 నుంచి 80 దాకా మార్కులు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాట్‌తో బంతిని అందుకోవడం, బలంగా కొట్టడం, పరుగు, పట్టు, విసురు అని అయిదు గడులు. చివరి మూడూ ఒక్క మధ్యాహ్నం చూస్తే చాలావరకు తెలిసిపోతాయి. మొదటిది అలా తెలియదు. పదిహేడేళ్ల కుర్రాడు స్కూల్ పిచర్ మీద కొట్టినంత మాత్రాన గంటకు 95 మైళ్ల బంతిని కొడతాడని ఎవరు చెప్పగలరు?

అయినా కొందరు చెప్పగలిగారు. మిషిగన్‌లోని కలమజూలో డెరెక్ జీటర్‌ని చూసిన హాల్ న్యూహౌసర్ హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు స్కౌట్. తనే గొప్ప పిచర్, 1944లో, 1945లో వరుసగా అత్యంత విలువైన ఆటగాడి అవార్డు అందుకున్నవాడు. 1992లో ఆస్ట్రోస్‌కు మొదటి ఎంపిక దక్కినప్పుడు జీటర్‌నే తీసుకోమని పట్టుబట్టాడు. కుర్రాడు ఎక్కువ డబ్బు అడుగుతాడన్న భయంతో జట్టు ఫిల్ నెవిన్‌ని తీసుకుంది. న్యూహౌసర్ ఉద్యోగం వదిలేశాడు. నెవిన్ కూడా తీసిపారేయదగ్గ ఆటగాడు కాదు, మేజర్ లీగ్‌లో 208 హోమ్ రన్లు, అంటే బంతిని మైదానం దాటించే దెబ్బలు, కొట్టాడు. కానీ ఆరో ఎంపికగా న్యూయార్క్ యాంకీస్‌కి దొరికిన జీటర్ 3,465 హిట్లు, అంటే క్షేమంగా బేస్ చేర్చే దెబ్బలు, కొట్టాడు. ఆ ముసలాయన మాట విని ఉంటే ఆస్ట్రోస్ కథ ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే జీటర్ మొదటి రెండేళ్లూ చూస్తే ఎవరికైనా టెన్షన్ పుట్టేది. 1992లో అడుగు మెట్టు లీగ్‌లో అతని సగటు .202, అంటే ప్రతి అయిదుసార్లకు ఒక్క హిట్. 1993లో గ్రీన్స్‌బొరోలో బ్యాటింగ్ గాడిన పడింది, కానీ ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు, అంటే ఫీల్డింగ్ తప్పులు, చేశాడు. వేరే స్థానానికి మార్చాలన్న మాట కూడా వచ్చింది. ఆ ఏడాది చివర చేతికి దెబ్బ తగిలి బ్యాట్ పట్టలేని రోజుల్లో, బ్రయన్ బటర్‌ఫీల్డ్ అనే కోచ్ అతనితో ఫీల్డింగ్ ఒక్కటే సాధన చేయించాడు. 1996లో జీటర్ యాంకీస్ షార్ట్‌స్టాప్‌గా ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఎర్రర్ల లెక్క చూసి కుర్రాణ్ణి కొట్టేయడం ఎంత తొందరపాటో దీంతో తెలుస్తుంది.

ఇక అంకెల సంగతి. 1985లో బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు ఒక మాట రుజువు చేసి చూపించాడు. మైనర్ లీగ్ మైదానాల తేడాలు, లీగ్ స్థాయి సర్ది లెక్కేస్తే, అక్కడి బ్యాటింగ్ అంకెలు మేజర్ లీగ్ ఫలితాన్ని బాగానే ముందే చెబుతాయన్నాడు. చాలా జట్లు చాలాకాలం పట్టించుకోలేదు. 2003లో నేట్ సిల్వర్ పెకోటా అనే లెక్క తెచ్చాడు. ఒక కుర్రాణ్ణి పాత ఆటగాళ్లతో పోల్చి అతని దారిని ఊహించే పద్ధతి అది. 2006కు ముందు ఆ లెక్క పెడ్రోయాని దేశంలో నాలుగో ఉత్తమ కుర్రాడిగా చూపించింది. బేస్‌బాల్ అమెరికా పత్రిక జాబితాలో అతనిది 77వ స్థానం. పొట్టివాడు, విసురు బలం తక్కువ, ఒళ్లంతా ఊపి కొడతాడని స్కౌట్ల అభ్యంతరం. లెక్కకు ఎత్తు కన్నా ముఖ్యంగా కనిపించింది ఒకటే: పెడ్రోయా బంతిని దాదాపు ఎప్పుడూ మిస్ కాడు.

2006లో బోస్టన్ తరఫున తొలిసారి ఆడినప్పుడు అతని సగటు .191. 2007 ఏప్రిల్లోనూ తడబడ్డాడు. బెంచీ మీద కూర్చోబెట్టమని ఊరంతా గోల పెట్టినా మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా అతన్ని ఆడించాడు. ఆ ఏడాది సగటు .317, జట్టుకు ప్రపంచ టైటిల్. ఫ్రాంకోనా ఆ నెల ఓపిక పట్టకపోతే పెకోటా లెక్క కూడా తప్పు లెక్కగానే మిగిలిపోయేది కదా.

అంకెలు చూసే పద్ధతిలోనూ లోపం ఉంది. ఏంజెల్స్ షార్ట్‌స్టాప్ బ్రాండన్ వుడ్ 2005లో, ఇరవై ఏళ్ల వయసులో, మైనర్ లీగుల్లో 43 హోమ్ రన్లు కొట్టాడు. షార్ట్‌స్టాప్ నుంచి అంత బలం రావడం అరుదు. దేశంలో మూడో ఉత్తమ కుర్రాడని బేస్‌బాల్ అమెరికా లెక్కగట్టింది. మేజర్ లీగ్‌లో అతని మొత్తం సగటు .186. 2010లో చాలా రోజులు ఆడనిచ్చినా .146 దాటలేదు. హోమ్ రన్ల పక్క గడిలోనే, అంత చిన్న లీగ్‌లోనూ వందకు పైగా స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేక ఔటైన సందర్భాలు, రాసి ఉన్నాయి. అందరి కళ్లూ 43 మీదే పడ్డాయి. వుడ్ శ్రమించలేదని ఎవరూ అనలేదు. కలలో కూడా ఊహించని ఓటమి వరుసగా ఎదురైనప్పుడు ఇరవై అయిదేళ్ల కుర్రాడి మీద పడే బరువును కొలిచే గడి ఏ కాగితం మీదా లేదు.

పట్టు ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో సియాటెల్ జట్టు చూసింది. ఫస్ట్ బేస్‌మన్ ఇవాన్ వైట్‌కి, ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడకముందే, 2019లో ఆరేళ్లకు 2 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. 2020లో అతను ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లౌ గెలిచాడు. అదే ఏడాది సగటు .176. ఆ పైన గాయాలు. జట్టులో నిలవలేదు.

2015 డ్రాఫ్ట్‌లో మొదటి ముగ్గురూ షార్ట్‌స్టాప్‌లే. అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. డాన్స్‌బీ స్వాన్సన్ ఒక్కడే షార్ట్‌స్టాప్‌గా స్థిరపడ్డాడు. అలెక్స్ బ్రెగ్మన్ థర్డ్ బేస్‌కి జరిగి పెద్ద ఆటగాడయ్యాడు. బ్రెండన్ రాడ్జర్స్ సెకండ్ బేస్‌కి జరిగి 2022లో గోల్డ్ గ్లౌ తెచ్చుకున్నాడు గానీ, బ్యాట్ అనుకున్నంత పలకక రెండేళ్లకే కొలరాడో అతన్ని వదిలేసింది. ఇంతలో 2023లో నియమమే మారింది. సెకండ్ బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండి తీరాలి. అంతకు ముందు బ్యాటర్ కొట్టే వైపుకి అందరినీ జరిపి, నెమ్మదిగా కదిలే సెకండ్ బేస్‌మన్‌తో కూడా నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు కాళ్లలో వేగం మళ్లీ కావాలి. 2016లో ఏ కుర్రాణ్ణైనా అంచనా వేసినవాడు ఈ మార్పును ఎలా ఊహిస్తాడు?

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వెనెజువెలా, డొమినికన్ రిపబ్లిక్ పిల్లల సంగతి. వాళ్లకు డ్రాఫ్ట్ లేదు, పదహారేళ్లకే సంతకం. 2016లో కెవిన్ మైతాన్ అనే వెనెజువెలా షార్ట్‌స్టాప్‌కి అట్లాంటా 42 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. చరిత్రలోని మహా బ్యాటర్లతో పోల్చారు. అతను మేజర్ లీగ్ చేరనేలేదు. డొమినికన్ కుర్రాడు హొసే రామిరెజ్‌కి 2009లో క్లీవ్‌లాండ్ ఇచ్చింది 50 వేలు. ఇవాళ లీగ్‌లోని అత్యుత్తమ థర్డ్ బేస్‌మన్లలో అతనొకడు. హ్యూస్టన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు హొసే ఆల్టూవే గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2006లో వెనెజువెలాలోని మరకాయ్‌లో ఆస్ట్రోస్ పరీక్షకు వస్తే, మరీ పొట్టి అని మొదటి రోజే పంపేశారు. తండ్రి ధైర్యం చెబితే మర్నాడు మళ్లీ అదే మైదానానికి వెళ్లాడు. ఆ రోజు బ్యాట్ పట్టనిచ్చారు. 2007లో 15 వేల డాలర్లకు సంతకం చేశాడు. తర్వాత లీగ్‌లో అత్యధిక సగటుకి దక్కే బ్యాటింగ్ టైటిల్ మూడుసార్లు, రెండు వేలకు పైగా హిట్లు.

పదహారేళ్లు నిండేదాకా సంతకం కుదరదని నియమం ఉన్నా, అక్కడ నోటిమాట ఒప్పందాలు పదమూడు, పద్నాలుగేళ్లకే జరిగిపోతున్నాయి. ఆ వయసులో చూడగలిగింది పరుగు, విసురు, ఒంటి తీరు. ఎదిగిన పిచర్ వేసే వంకర బంతిని ఆ పిల్లవాడు అందుకోగలడో లేదో చూసే వీలే అక్కడ లేదు. అప్పటికే చాలామంది బడి మానేసి ఉంటారు.