“ఆన్‌లైన్‌లో పెట్టాం, చూసుకోండి”: విశ్వవిద్యాలయాల్లో డిజిటల్ బోధనపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలోని ఒక ఉన్నత విద్యాసంస్థలో భౌతికశాస్త్రం బోధిస్తూ, అక్కడి ఈ-లెర్నింగ్ విభాగం పనులు కూడా చూస్తున్నాను. తోటి అధ్యాపకులు, తల్లిదండ్రులు, అప్పుడప్పుడు యాజమాన్యం వారు కూడా తరచుగా అనే కొన్ని మాటలకు నా అనుభవంలోంచి జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అపోహ: గంట పాఠాన్ని రికార్డు చేసి ఎక్కిస్తే ఈ-లెర్నింగ్ అయిపోయినట్టే.

అన్నిటికంటే బలంగా నాటుకున్నదీ, ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై దాదాపు 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ఫలితాలు వెలువరించిన పరిశోధకులు, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి దాని మీద నిలిచేది 6 నిమిషాలేనని తేల్చారు. మేము కోర్సులు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏది ఎప్పుడు చూశారో తెలిపే లాగ్‌లు తెరిచినా ఇంచుమించు ఇదే కనిపిస్తుంది. సెమిస్టరంతా ఎవరూ తాకని వీడియోలను పరీక్ష ముందు రాత్రి అందరూ ఒక్కసారిగా తెరుస్తారు. రెట్టింపు వేగంతో చూశామని తరువాత వాళ్లే చెబుతారు.

ఉష్ణగతికశాస్త్రంలో మేము ఐదు నిమిషాల వీడియో తరువాత ఒక ప్రశ్న పెడతాం: తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేస్తే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా, మార్పేమీ ఉండదా? మే నెల ఉక్కపోతలో చదువుతున్న విద్యార్థికి మొదటి జవాబు మీదికే మనసు పోతుంది. కాస్త ఆలోచించినవారు, లోపల తీసుకున్న వేడినే వెనుక వదులుతుంది కనుక మార్పు ఉండదంటారు. కంప్రెసర్ వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది కాబట్టి గది వేడెక్కుతుందన్నది సరైన జవాబు. ఇక్కడ రెండు తప్పు జవాబులూ ఒకే తప్పు కావు. మొదటివారికి ఫ్రిజ్ వేడిని ఎక్కడ వదులుతుందో చెప్పాలి, రెండోవారికి కరెంటు లెక్క చూపాలి. ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో మర్నాడు తరగతికి వెళ్లేలోపు నా తెర మీద ఉంటుంది. ప్రతి తప్పు జవాబు కింద కనిపించవలసిన నాలుగు వాక్యాల వివరణ రాయడానికి, నిజం చెప్పాలంటే, వీడియో తీయడం కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ పనిని బోధన గంటల్లో లెక్కించే పద్ధతి మన సంస్థల్లో ఇంకా సరిగా కుదరలేదు.

ఇలా మధ్యమధ్యలో ప్రశ్నించడం కేవలం హాజరు కోసం కాదు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని రాసే అభ్యాసం చేసినవారే ఎక్కువ గుర్తుంచుకున్నారు.

అపోహ: ఇదంతా కరోనాతో వచ్చింది, కరోనాతోనే పోతుంది.

ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టీవీ పాఠాలు చేర్చిన 1975 నాటి ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరదర్శన్ పాఠాలు 1984లో మొదలయ్యాయి, బోధన కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004లో నింగికెగసింది. 2020లో వచ్చినది తొందర మాత్రమే.

అపోహ: ఈ తరం పిల్లలు ఫోనుతోనే పుట్టారు, వారికి నేర్పేదేముంది?

రీల్ చేయడం వచ్చినంత మాత్రాన రికార్డు సమర్పించడం వచ్చినట్టు కాదు. మొదటి సంవత్సరం విద్యార్థులు ల్యాబ్ రికార్డును ఇరవై అడ్డం ఫొటోలుగా, పేరు గానీ రోల్ నంబరు గానీ లేకుండా, వాట్సాప్‌లో పంపడం మాకు అలవాటైన దృశ్యం. పేజీలన్నీ ఒకే పీడీఎఫ్ చేయడం, ఎక్సెల్‌లో గ్రాఫు గీయడం, నమ్మదగిన సమాచారాన్ని వెతికి పట్టుకోవడం మొదటి రెండు వారాల్లో కూర్చోబెట్టి నేర్పవలసిందే.

అపోహ: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సుల సర్టిఫికెట్లు ఊరికే వస్తాయి, వాటికి విలువ లేదు.

నమోదు ఉచితం కావడం వల్ల ఈ మాట పుట్టి ఉండవచ్చు. 2017 జూలైలో ప్రారంభమైన స్వయం వేదికలో ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఎన్‌పీటెల్ కోర్సులనే తీసుకుంటే, వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్లి రాసే తుది పరీక్షకు 75 శాతం మార్కులు. రెండింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి. ఇక విలువ సంగతి: 2016 నాటి యూజీసీ నిబంధనలు ఇలాంటి కోర్సులకు 20 శాతం వరకు అవకాశం ఇస్తే, 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయవచ్చన్నాయి. అయితే ఆ కోర్సుకు వచ్చే క్రెడిట్‌ను, అంటే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్లను, సొంత విశ్వవిద్యాలయం అంగీకరించాలి. నమోదుకు ముందే విభాగాధిపతిని అడిగి తెలుసుకోకపోతే, కోర్సు ముగిశాక పరీక్షల విభాగం చుట్టూ తిరగవలసి వస్తుంది.

అపోహ: క్యాంపస్‌లో వైఫై బాగుంటే సమస్య తీరినట్టే.

మా తరగతిలో నగరం నడిబొడ్డున ఉన్న సిరిపురం నుంచి వచ్చేవారితో పాటు, సెలవులకు పాడేరు, చింతపల్లి కొండల్లోని ఇళ్లకు వెళ్లేవారూ ఉన్నారు. అక్కడ సిగ్నల్ కోసం గట్టు ఎక్కవలసిన పల్లెలు ఇంకా ఉన్నాయి. సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో నడిచే గంట వీడియోకు సుమారు 675 ఎంబీ ఖర్చవుతుంది. అదే పాఠాన్ని 64 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే 29 ఎంబీ సరిపోతుంది. అందువల్ల మేము ప్రతి పాఠానికీ ఆడియో, బొమ్మలున్న చిన్న పీడీఎఫ్ జత చేస్తాం, హాస్టల్లో ఉండగానే దించుకొమ్మని చెబుతాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా గడిపిన ఊరు మనది కనుక, ముఖ్యమైన నోట్సు కాగితం మీద కూడా ఉంచడాన్ని వెనుకబాటుతనంగా నేను భావించను.

అపోహ: సాఫ్ట్‌వేర్ చూపే శాతమే కాపీకి సాక్ష్యం.

ఆ అంకె ఇతర రచనలతో పోలికను మాత్రమే చెబుతుంది, దొంగతనాన్ని కాదు. 2018 నాటి యూజీసీ నిబంధనలు 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదంటూ, ఆకరాలు చూపిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, ప్రామాణిక సమీకరణాలు, చట్టాల పాఠం వంటివాటిని లెక్క నుంచి తీసేయమన్నాయి. ఇవేవీ తీయకుండా వచ్చిన అంకెను పట్టుకుని పరిశోధక విద్యార్థిని నిలదీయడం అన్యాయం. కృత్రిమ మేధ రాసిందో కాదో కనిపెడతామనే పరికరాల మాట మరీ బలహీనమైనది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు పరికరాన్ని కచ్చితత్వం తక్కువన్న కారణంతో 2023 జూలైలో ఉపసంహరించుకుంది. ఒక అసైన్‌మెంట్ మీద నాకు అనుమానం వచ్చినప్పుడు విద్యార్థిని పిలిచి, తాను రాసిన మూడో పేజీలోని సమీకరణంలో ఒక రాశిని రెట్టింపు చేస్తే ఏమవుతుందో చెప్పమంటాను. సొంతంగా రాసినవారు తడుముకుంటూనైనా బోర్డు దగ్గరికి వెళ్లి రాయడం మొదలుపెడతారు.