ఒకరికి చెప్పిన మాట ఇద్దరూ వింటారు

గాజువాకలో రెండు గదుల ఇల్లు అనుకోండి. అన్నకి పదమూడు, చెల్లికి పదకొండు. "మావాడికి లెక్కలు పుట్టుకతోనే వచ్చాయే" అని అమ్మ ఫోన్లో పిన్నికి చెబుతోంది. చెల్లి పక్కనే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ బొమ్మ గీసుకుంటోంది. మాట తన గురించి కాదు, కానీ తగిలేది తనకే. లెక్కలు పుట్టుకతో రావాలంటే, ఇప్పటిదాకా రానివాళ్లకి ఇక రానట్టేగా!

అమెరికాలో జెన్సన్, మెక్‌హేల్ అనే పరిశోధకులు 388 కుటుంబాల్లోని మొదటి ఇద్దరు పిల్లల్ని గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఇద్దరి చదువూ దాదాపు ఒకలాగే ఉన్నా, ఎక్కువమంది తల్లిదండ్రులు పెద్దవాళ్లే తెలివైనవాళ్లనుకున్నారు. ఆ నమ్మకానికి పాత మార్కులు కారణం కాలేదు. తర్వాతి మార్కుల్లో తేడా మాత్రం ఆ నమ్మకం వైపే మొగ్గింది.

తెలుగులో ముద్ర వేయడం మరీ సులువు. బద్ధకాన్ని 'బద్ధకస్తుడు' చేస్తే అదే మనిషైపోతుంది. 'ఈ పూట బద్ధకించావు' అంటే ఆ పూటతో సరి. పొగడ్తకీ ఇదే వర్తిస్తుంది. 1998లో మ్యూలర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో 'తెలివైనవాళ్లు' అనిపించుకున్న ఐదో తరగతి పిల్లలు, కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక, మొదట చేసినంత కూడా చేయలేకపోయారు. కష్టపడ్డారని మెప్పు పొందినవాళ్లు మెరుగుపడ్డారు. తర్వాత ఇలాంటి పరిశోధనలు కొన్నిటిలో ఇంత ప్రభావం కనిపించలేదు కాబట్టి దీన్ని మంత్రంలా జపించనక్కర్లేదు.

సరే, చెల్లికి లెక్కల్లో 25కి 14 వచ్చాయి. అన్న ట్యూషన్‌కి వెళ్లినప్పుడు ఓ పది నిమిషాలు పక్కన కూర్చోండి. మార్కు వదిలేసి పేపరు చూడండి. 1/2 + 1/3 = 2/5 అని ఉంది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసింది. "జాగ్రత్తగా చెయ్యి" అంటే ఉపయోగం లేదు, తను జాగ్రత్తగానే కూడింది! "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడగండి. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గడమేంటని తనకే అనుమానం రావాలి. వెంటనే రాకపోతే ఒక చపాతీ ముక్కలు చేసి చూపించండి. ఆ తర్వాతే క.సా.గు. 6, 3/6 + 2/6 = 5/6. "కింద అంకెలు వేరని చూసి ఆగావు" అన్న మాట అప్పుడు పనికొస్తుంది, రేపు ఎక్కడ ఆగాలో అందులోనే ఉంది.

ఇక్కడ ప్రేమకొద్దీ చేసే తప్పొకటుంది: "పోనీలే, నీకు బొమ్మలొచ్చుగా." ఓదార్పే, కానీ పొలం పంచినట్టు లెక్కలు అన్నకీ బొమ్మలు చెల్లికీ రాసిచ్చేస్తుంది. ఆపై ఒకరి వాటాలోకి ఇంకొకరు రారు. అన్న చేతిలో కుంచె ఎందుకు లేదని ఎవరూ అడగరు కూడా.

"అద్భుతం, మహాద్భుతం" అని ఊదరగొట్టడమూ చేటే. నెదర్లాండ్స్‌లో బ్రమల్‌మన్ బృందం 2014లో చూపించింది: తమమీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లలు అతి పొగడ్త విన్నాక గీయడానికి తేలిక బొమ్మలే ఎంచుకున్నారు. "సముద్రానికి రెండు నీలాలు వాడావే, ఎందుకు?" అని అడిగితే చాలు.

ఇక పిన్నికి ఫోన్లో "వాడు ఈ నెలంతా రోజుకి పది లెక్కలు చేశాడే" అని చెప్పండి. చెల్లి విన్నా ఫర్వాలేదు, పది లెక్కలు తనూ చెయ్యగలదు.