లేత్ కొనే ముందు: ఇంటి వర్క్‌షాపులో ఇనుము పని, అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బాలానగర్ టూల్ రూముల్లో ఫిట్టర్‌ పని చేస్తానని తెలిసిన దగ్గర్నుంచీ మా కాలనీ కుర్రాళ్ళు నన్ను వదలడం లేదు. ఒకరు బాల్కనీలో చిన్న బెంచీ వేసుకున్నారు, ఇంకొకరు సెల్లార్‌లో బండి పెట్టుకునే జాగా పక్కన ఓ మూల సంపాదించారు. వారమంతా కంప్యూటరు, ఆదివారం ఇనుము. సంతోషమే. కాకపోతే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ మెషీన్ కొనాలి?" ముక్కను ఎలా పట్టుకోవాలని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ఇంటి వర్క్‌షాపులో సగం పని ముక్కను కదలకుండా పట్టుకోవడమే. మిగతా సగం, చేతిలో ఉన్నది ఏ రకం ఇనుమో తెలియడం. రోజూ వినే అపోహలు చాలావరకు ఈ రెండిటి దగ్గరే పుడతాయి.

అపోహ: లేత్ (ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) లేనిదే సొంత పనిముట్లు చేసుకోలేం.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన పిల్లాడి చేతికి ముందు ఇచ్చేది హాక్సా (ఇనుము కోసే రంపం), ఆకురాయి (ఫైలు). ఒక ముక్కను చదునుగా, మూలమట్టానికి సరిగ్గా రాయడం, అంటే అరగదీయడం, వచ్చాకే మిగతావి. ఆ విద్య అబ్బితే లేత్ లేని లోటు చాలాకాలం తెలియదు.

మొదటి పనిగా నేను చేయమనేది టూల్‌మేకర్ క్లాంపు, అంటే ముక్కల్ని కరిచి పట్టుకునే పనిముట్టు. 16 మి.మీ. చదరపు ఊచ నుంచి 100 మి.మీ. పొడవున్న ముక్కలు రెండు, నిండా మర (స్క్రూ చుట్లు) ఉన్న 8 మి.మీ. బోల్టులు రెండు. అంతే సామాను. ఆ రెండు ముక్కలే క్లాంపు దవడలు. ఒక దవడలో మధ్యన ఒకటి, వెనక ఒకటి బెజ్జాలు వేసి రెండిటికీ మర వేయాలి. రెండో దవడలో మధ్యన 9 మి.మీ. బెజ్జం ఆరపార, వెనకవైపు బోల్టు కొన కూర్చునేంత గుంట. మధ్య బోల్టు దవడల్ని దగ్గరికి లాగుతుంది, వెనక బోల్టు వెనకభాగాన్ని దూరంగా నెడుతుంది, దాంతో ముందు కొసలు ముక్కను కరిచి పడతాయి. ఇలాంటివి ఒక జత ఉంటే డ్రిల్లు కింద, గ్రైండర్ దగ్గర, వెల్డింగ్‌కి ముందు, అన్నిచోట్లా పనికొస్తాయి.

ఆకురాయి పట్టేటప్పుడు ఒత్తిడి ముందుకు తోసేటప్పుడే. వెనక్కి లాగేటప్పుడు ఊరికే జారనివ్వాలి. కొత్తవాళ్ళు రెండు వైపులా రుద్దేసి పళ్ళు మొద్దుబారాక ఆకురాయిని తిడతారు. పళ్ళ సందుల్లో రజను ఇరుక్కుంటే నున్నగా వచ్చిన ముక్క మీద ఒక్క తోపులో లోతైన గీత పడుతుంది. ముందే ఆకురాయికి చాక్‌పీసు రుద్దుకోండి, రజను అంత సులభంగా అంటుకోదు. తర్వాత మూలమట్టం ఆనించి ట్యూబ్‌లైటుకు అడ్డంగా ఎత్తి చూడండి. మధ్యలో వెలుతురు సన్నగా కనిపిస్తే మధ్య లోతుగా ఉంది, రెండు కొసల్లో కనిపిస్తే మధ్య ఉబ్బింది. కొత్త చేతికి దాదాపు ఎప్పుడూ ఉబ్బే వస్తుంది, ఎందుకంటే తోసేటప్పుడు చేతులు ఊగుతాయి.

హాక్సా బ్లేడు సంగతి ఒక్క మాట: పళ్ళు ముందుకు చూడాలి, కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆనాలి. పల్చటి గొట్టానికి అంగుళానికి 32 పళ్ళది, మందపాటి ఊచకు 18 పళ్ళది తీసుకోండి.

అపోహ: వైస్ (బెంచీకి బిగించి ముక్కను పట్టే సాధనం) ఎంత బిగిస్తే పట్టు అంత గట్టిది.

ఎంత బిగిస్తే ముక్క మీద అంత మచ్చ. వైస్ దవడలకు గళ్ళు గళ్ళుగా కోత ఉంటుంది, మెత్తటి ఇత్తడి మీదా అల్యూమినియం మీదా ఆ గళ్ళు అచ్చు గుద్దినట్టు దిగిపోతాయి. 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం ఎల్ యాంగిల్ దవడ వెడల్పుకు రెండు ముక్కలు కోసి దవడల మీద తొడిగితే చాలు. అరగంట పని. గుండ్రటి ఊచలు పట్టాల్సి వస్తే ఇంకో జత చేసి, ఒకదానికి నిలువుగా వీ ఆకారంలో గాడి తీయండి. పిడికి పైపు తొడిగి బిగించే అలవాటు ఉంటే మానుకోండి. ముందు పోయేది వైస్ స్క్రూ. బయటి బాడీ పోత ఇనుముదైతే అది ఒక్కోసారి ఠప్పున పగులుతుంది కూడా.

అపోహ: బెజ్జం బిగుతుగా వేస్తే మర గట్టిగా కూర్చుంటుంది.

బెజ్జంలో మర కోసే ట్యాపులు విరగడానికి మొదటి కారణం ఇదే నమ్మకం. 8 మి.మీ. మరకు 6.8 మి.మీ. బెజ్జం వేయాలి, 6 మి.మీ. మరకు 5, 10 మి.మీ. మరకు 8.5. ఇవి మామూలు మరల లెక్కలు, సన్న మరలకు వేరు. "6.8 దొరకలేదన్నా, 6.5 తో కానిచ్చేశా" అని మొన్నొకడు ఫోన్ చేశాడు. ట్యాపు సగం లోపల, సగం చేతిలో. విరిగిన ట్యాపును డ్రిల్లుతో తీద్దామంటే అదీ హైస్పీడ్ స్టీలే, ఇదీ హైస్పీడ్ స్టీలే, ఏది దేన్ని కోస్తుంది?

రెండో కారణం ట్యాపు వంకరగా దిగడం. దీనికి చిన్న విరుగుడు: 25 మి.మీ. మందం ఉన్న ఇనుప దిమ్మెకు నిటారుగా 6, 8, 10 మి.మీ. బెజ్జాలు వేసి ఉంచుకోండి. ట్యాపు ఊపిరాడనంత బిగుతుగా కాకుండా, ఊగనంత దగ్గరగా పట్టేలా బెజ్జం కొంచెం వదులుగా ఉండాలి. ముక్క మీద ఈ దిమ్మె పెట్టి, క్లాంపుతో బిగించి, ట్యాపును దాని గుండా దించితే మొదటి నాలుగు చుట్లు నిటారుగా పడతాయి. ఆ తర్వాత దిమ్మె తీసేయొచ్చు. ప్రతి అరచుట్టుకీ కొంచెం వెనక్కి తిప్పి పొట్టు తెంచుతూ, నూనె వేస్తూ పోవాలి. సెట్‌లో మూడు ట్యాపులు ఇచ్చేది వరసగా వాడడానికే, ఒకటి విరిగితే ఇంకోటి ఉంటుందని కాదు.

అపోహ: డ్రిల్లు ఎంత వేగంగా తిరిగితే బెజ్జం అంత తొందరగా పడుతుంది.

గోడకు అలవాటైన చేయి ఇనుము దగ్గర కూడా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేస్తుంది. లెక్క చూడండి. మైల్డ్ స్టీలును హైస్పీడ్ స్టీలు బిట్టు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కోస్తే హాయిగా కోస్తుంది. ఆ లెక్కన 10 మి.మీ. బిట్టుకు 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) చాలు, 3 మి.మీ. బిట్టుకైతే 2,600 దాకా పోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇందులో సగం చాలు. స్టెయిన్‌లెస్‌కు ఇంకో గుణం ఉంది: బిట్టు కోయకుండా ఊరికే రుద్దితే ఆ చోటే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత కొత్త బిట్టు తెచ్చినా అక్కడ దిగనంటుంది. అందుకే వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, నూనె ధారాళం.

వేగం సరిగ్గా ఉన్నా పొట్టు రాకుండా పొడి రాలుతుంటే బిట్టు మొద్దుబారినట్టు. చాలామంది పారేస్తారు. సాన పట్టడం నేర్చుకుంటే ఒక్క సెట్టు ఏళ్ళ తరబడి వస్తుంది. మామూలు బిట్టు కొన కోణం 118 డిగ్రీలు. దాన్ని చూసుకోవడానికి గేజి కొననక్కర్లేదు. ఒకే సైజు నట్లు రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి, చదును ముఖాలు కలిసేలా అరల్డైట్‌తో అతికించండి. రెండు నట్ల మధ్య పడే గుంట సరిగ్గా 120 డిగ్రీలు. బిట్టు కొనను అందులో ఆనించి వెలుతురులో చూస్తే ఏ పక్క ఎక్కువ అరిగిందో, ఏ పక్క ఇంకా రాయాలో కంటికి తెలిసిపోతుంది. కోణం కంటే ముఖ్యం, రెండు అంచుల పొడవూ సమానంగా ఉండడం. ఒకటి పొడవైతే 8 మి.మీ. బిట్టు 8 కంటే పెద్ద బెజ్జం వేస్తుంది, అదీ గుండ్రంగా రాదు. కోసే అంచు కంటే దాని వెనక భాగం పల్లంలో ఉండాలి, లేదంటే అంచు ముక్కను తాకదు, ఆ వెనక భాగం మాత్రం రుద్దుకుంటుంది.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చేతులు భద్రం.

రేకు మోసేటప్పుడు, వెల్డింగ్‌కి, తప్పకుండా వేసుకోండి. తిరిగే డ్రిల్లు దగ్గర మాత్రం తీసేయండి. ఉత్త చేతికి పొట్టు తగిలితే తోలు గీరుకుంటుంది. అదే గుడ్డ గ్లవ్ అంచు బిట్టుకు చిక్కితే చేయి మొత్తం లోపలికి పోతుంది, స్విచ్ అందేలోపు అయిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, చున్నీ, ఉంగరం, అన్నిటికీ ఇదే మాట. గుడిలో కట్టించుకున్న ఎర్ర దారం కూడా. దేవుడేమీ అనుకోడు, పని అయ్యాక మళ్ళీ కట్టుకోండి.

ఇంకా ప్రమాదం ముక్కను చేత్తో పట్టుకోవడం. బిట్టు అవతలికి దూసుకుపోయే క్షణంలో ముక్కను కొరికి పట్టుకుంటుంది, చిన్న పట్టీ అయితే ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. పైన చెప్పిన క్లాంపు అందుకే.

అపోహ: ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే ఏ ఇనుమైనా గట్టిపడుతుంది.

గట్టిపడేది కార్బన్ ఉంటేనే. ఇనుప కొట్లో దొరికే మైల్డ్ స్టీలులో కార్బన్ పావు శాతం లోపే, దాన్ని ఎన్నిసార్లు ముంచినా ఉలి కాదు. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ ఊచతో ఉలి చేద్దామనే ఆలోచన ప్రతివాడికీ వస్తుంది. ఫ్యాక్టరీలోనే నీళ్ళు కొట్టి దాని పైపొరను మాత్రం గట్టిపరుస్తారు, లోపలి గుండె మెత్తన. కొన సాన పడితే ఆ పొర కాస్తా పోతుంది, కాలిస్తే ఉన్న గట్టిదనం కూడా దిగిపోతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కు కరిగించినవాళ్ళ నేర్పంతా మూసిన మట్టి పాత్రల్లో ఇనుముకు కార్బన్ పట్టించడంలోనే ఉంది.

మనకు అంత శ్రమ లేదు. లారీ కమాన్ కట్టలో అర శాతం పైనే కార్బన్ ఉంటుంది, ఊళ్ళలో కమ్మరి కొలిమి దగ్గర కొడవళ్ళు, కత్తులు దానితో చేయడం ఇందుకే. సెంటర్ పంచ్ (చుక్క కొట్టేది), స్క్రైబర్ (గీత గీసేది) లాంటి సన్న పనులకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కార్బన్ బాగా ఉన్న సిల్వర్ స్టీలు ఊచ కొనడం ఇంకా సులువు. పేరులో వెండి ఉంది గానీ ఊచలో లేదు. 8 మి.మీ. ఊచ కొన రాసి, చిన్న గ్యాస్ టార్చ్‌తో కాల్చి, అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణుంచి ఇంకాస్త ఎరుపెక్కనిచ్చి, నిలువుగా ముంచాలి: సిల్వర్ స్టీలును నీళ్ళలో, కమాన్ కట్టను నూనెలో. నూనె డబ్బా ఇనుపదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి, మంట లేస్తుంది.

ఇప్పుడది గాజులా పెళుసు, ఈ దశలో సుత్తి దెబ్బ వేస్తే ముక్కలవుతుంది. కొనను ఎమరీతో మెరిసేలా రుద్ది, కాడ వైపు నుంచి నిదానంగా వేడి చేస్తే రంగులు కొన వైపు పాకుతూ వస్తాయి. కొన గడ్డి రంగుకు వచ్చినప్పుడు, అంటే 230 డిగ్రీల దగ్గర, ఆపితే స్క్రైబర్. గోధుమ రంగు దాటి ఊదా తిరిగేటప్పుడు ఆపితే పంచ్, ఉలి. నీలం వచ్చిందంటే అది స్ప్రింగుకే పనికొస్తుంది.

అపోహ: చేతి గ్రైండర్‌కు పెద్ద రాయి వేస్తే తొందరగా కోస్తుంది.

100 మి.మీ. గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 180 మి.మీ. రాయి మీద రాసి ఉండే గరిష్ఠ వేగం 8,500. గార్డు పీకేసి ఆ రాయి ఎక్కించడమంటే పగిలే ముక్కకు మొహం చూపించడమే. కటింగ్ రాయి పక్కతో రుద్దకండి, అది అడ్డ ఒత్తిడికి చేసింది కాదు. మధ్యనున్న ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చాలామంది చూడనే చూడరు.

అపోహ: జీఐ పైపు వెల్డింగ్ పొగకు పాలు తాగినా, బెల్లం తిన్నా చాలు.

బెంచీ కాళ్ళకు తుప్పు పట్టదని జీఐ పైపు కొనేవాళ్ళు ఎక్కువ. పైన ఉన్నది జింకు పూత. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము కరగడానికి 1,500 కావాలి. కాబట్టి ఆర్క్ తగలగానే తెల్లటి పొగ లేవక తప్పదు. దాన్ని పీల్చితే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, అచ్చం మలేరియాలా. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఊపిరి ఆడకపోతే మాత్రం డాక్టరు దగ్గరికే పోవాలి. బెల్లం తినండి, ఎవరొద్దన్నారు, కానీ అది పోయేది పొట్టలోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. బెంచీకి నల్ల పైపో, మైల్డ్ స్టీలు చదరపు గొట్టమో తీసుకుని రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టండి. వెల్డింగ్ ఆర్క్ వెలుతురు కొట్టిన కళ్ళ మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకునే వైద్యం కూడా ఈ కోవలోదే. ఆలుగడ్డ చల్లగా ఉంటుంది తప్ప గాయాన్ని మాన్పదు. వెల్డింగ్ మాస్కుకు 10 లేదా 11 నంబరు నల్ల అద్దం కొనుక్కోవడం చవక.

అపోహ: పాత ఇనుములో ఏది ఏదో తెలుసుకోలేం, కొత్తదే కొనాలి.

కిలో లెక్కన దొరికే తుక్కులో బోలెడు మంచి ముక్కలుంటాయి. జేబులో ఒక అయస్కాంతం, ఒక పాత ఆకురాయి పెట్టుకుని వెళ్ళండి. అయస్కాంతం అంటకపోతే అది ఇత్తడో, అల్యూమినియమో, గిన్నెల రకం స్టెయిన్‌లెస్సో. అంటుకుంటే ఒక మూల మీద ఆకురాయి పెట్టి తోయండి. కరిచి రజను రాలితే క్లాంపులకూ దిమ్మెలకూ పనికొస్తుంది, తూకం వేయించుకోండి. కొరక్కుండా గాజు మీద జారినట్టు జారిపోతే అది గట్టిపరిచిన ముక్క. మెత్తబరచడానికి కొలిమి లేనివాళ్ళు దాన్ని అక్కడే వదిలేసి ఇంకోటి ఏరుకోండి.